విశాఖ తీరపు రాతి మడుగుల్లో సార్జెంట్ చేపను గమనించడం ఎలా

విశాఖపట్నం తీరంలో లక్షద్వీప్‌లోనో అండమాన్ దీవుల్లోనో ఉన్నటువంటి పగడపు దిబ్బలు లేవు. పెద్ద నదులు బంగాళాఖాతంలోకి తెచ్చి పోసే ఒండ్రుమట్టికీ, వర్షాకాలం చివర ఉప్పదనం తగ్గిపోయే పైనీటికీ తట్టుకొని పగడాలు దిబ్బలు కట్టడం ఇక్కడ కష్టం. అయితే తూర్పు కనుమల నుంచి సముద్రం దాకా దిగివచ్చిన ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లు ఆ లోటును కొంతవరకు తీరుస్తాయి. ఉష్ణమండలపు దిబ్బల్లో బతికే చిన్న చేపలలో కొన్ని ఈ రాళ్ల సందుల్లో స్థిరపడ్డాయి. వాటిలో సులువుగా కనబడేది, ఓపికగా చూసేవారికి తన జీవితంలో చాలా భాగం చూపించేది సార్జెంట్ చేప. పక్కలకు నొక్కినట్టున్న ఎత్తైన శరీరం, దాని మీద పై నుంచి కిందికి దిగిన నల్లని పట్టీలు దీని ఆనవాళ్లు. ఈత రాకపోయినా, నీటిలో దిగకుండానే, దీన్ని ఎలా గమనించవచ్చో కింద వివరిస్తున్నాను. దీనికి కావలసినది ఖరీదైన సామగ్రి కాదు. సముద్రం ఎప్పుడు వెనక్కి తగ్గుతుందో, అప్పుడు ఏ రాయి వెనుక నీరు నిలుస్తుందో తెలియడం.

ముందుగా రోజును ఎంచుకోండి

విశాఖలో రోజుకు రెండుసార్లు పోటు (నీరు పైకి రావడం), రెండుసార్లు పాటు (నీరు వెనక్కి తగ్గడం) వస్తాయి. ఒక పాటుకూ తరువాతి పాటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి, ఈరోజు చూసిన పాటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి సమీపంలో పోటుకూ పాటుకూ ఉండే తేడా ఇక్కడ సుమారు ఒకటిన్నర మీటర్లు ఉంటుంది. అష్టమి, నవమి తిథుల చుట్టూ అది అందులో సగానికన్నా తక్కువకు పడిపోతుంది. అష్టమినాడు వెళితే మంచి మడుగులన్నీ నీటి కిందే ఉండిపోతాయి, మీరు కెరటాలను చూసి తిరిగి రావలసి వస్తుంది. అందుచేత గోడమీది తెలుగు క్యాలెండర్ తీసి, అమావాస్య లేదా పౌర్ణమి వెళ్లిన తరువాత వచ్చే పాడ్యమి, విదియలను గుర్తు పెట్టుకోండి. నీరు అన్నిటికన్నా ఎక్కువగా వెనక్కి తగ్గేది తరచుగా ఆ ఒకటి రెండు రోజుల్లోనే.

ఆ తిథుల్లో పాటు విశాఖలో మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల ప్రాంతంలో వస్తుంది. మరొకటి తెల్లవారుజామున చీకట్లో వస్తుంది, అది మనకు పనికిరాదు. తిథి చూసి రోజును ఎంచుకున్నాక, ఖచ్చితమైన గంటనూ నీటి మట్టాన్నీ పోటుపాట్ల పట్టికలో సరిచూసుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఇటువంటి పట్టికలను ప్రచురిస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర పరిస్థితి సూచనలను, ఉవ్వెత్తు అలల హెచ్చరికలను ఇస్తుంది. ఈ రెండో దాన్ని కూడా తప్పక చూడండి, ఎందుకంటే పట్టికలో నీరు ఎంత తగ్గినా, దూరాన పుట్టిన పెద్ద అల ఆ లెక్కను పట్టించుకోదు.

నెలల విషయంలో నా సలహా స్పష్టమైనదే: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వెళ్లండి. తూర్పు తీరంలో సముద్రపు సగటు మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. అక్టోబరు, నవంబరు నెలల్లో నదుల మంచినీటితో తేలికపడిన నీరు తీరం వెంబడి పేరుకొని మట్టం పెరుగుతుంది. మార్చి ప్రాంతంలో అడుగు నుంచి చల్లని, ఉప్పదనం ఎక్కువగా ఉన్న బరువైన నీరు పైకి ఉబికివచ్చి మట్టం తగ్గుతుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ తీరపు నీటి ఉబుకును పరిశీలించినవారిలో మొదటివాడు. మనకు సంబంధించినంతవరకు దీని అర్థం ఏమిటంటే, ఒకే తిథినాడు అయినా మార్చిలో బయటపడే రాళ్లు నవంబరులో బయటపడకపోవచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు లేపే కెరటాలు, ఆ తరువాత తుపానుల కాలం ఈ పనికి అనుకూలం కావు.

తరువాత స్థలం

నగరం నుంచి భీమిలి వెళ్లే తీర రహదారి వెంట ఇసుక తీరాల మధ్య మధ్య రాతి ముక్కులు సముద్రంలోకి పొడుచుకువస్తాయి. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం దగ్గర, రుషికొండకు అటూ ఇటూ, తొట్లకొండ దిగువన, మంగమారిపేట దగ్గర ఇటువంటివి ఉన్నాయి. దక్షిణాన యారాడ వైపూ ఉన్నాయి గాని, డాల్ఫిన్స్ నోస్ కొండ చుట్టూ నౌకాదళం భూములు ఉన్నందున అనుమతి లేని చోటికి పోకూడదు. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలుస్తుంది కాబట్టి వానల తరువాత ఆ పరిసరాల్లో నీరు బురదగా, ఉప్పదనం తక్కువగా ఉంటుంది. అప్పుడు అక్కడ వెతకడం వృథా.

రాళ్లున్న ప్రతి చోటా చేప ఉండదు. పోటు వేళ సముద్రం నిండుగా కప్పేసి, పాటు వేళ పూర్తిగా తెగిపోకుండా ఏదో ఒక సందు గుండా అప్పుడప్పుడు కెరటపు నీరు అందుతూ ఉండే మడుగును వెతకండి. ఎత్తులో ఉండి గంటల తరబడి ఎండకు కాగే గుంటలో నీరు వేడెక్కుతుంది, ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది. దానిలో చిన్న నత్తలు, పీతలు, ఓర్చుకోగల గోబీ చేపలు ఉంటాయి గాని సార్జెంట్ పిల్లలు తక్కువ. మోకాలి లోతు నీరు, ఒక పక్కన చేయి పట్టేంత చీలిక, అడుగున ఇసుక కన్నా రాయి ఎక్కువ, అంచుల మీద పొట్టి నాచు ఉంటే అది మంచి మడుగు. ఏ రాయి దగ్గర నీరు లాగేస్తుందో, ఎక్కడ కాలు జారుతుందో ఆ తీరంలో వలలు వేసే పెద్దలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ముందు వారిని పలకరించి, అడిగి, వద్దన్న చోటికి వెళ్లకుండా ఉండడం మేలు.

వెంట ఉండవలసినవి

గట్టి రబ్బరు అడుగు ఉన్న, మడమ కప్పే బూట్లు వేసుకోండి. చెప్పులు పనికిరావు, ఎందుకంటే రాళ్లకు అంటుకున్న బార్నకిల్స్ అనే గట్టి పెంకు జీవులు, ఆల్చిప్పలు బ్లేడులా కోస్తాయి. టోపీ, పొడుగు చేతుల చొక్కా, తాగే నీరు, పెన్సిలు, నోటుబుక్కు, సెంటీమీటర్ల గుర్తులు పెట్టిన ఒక పుల్ల, నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు. అడుగు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటే, దాన్ని నీటి పైపొర మీద మెల్లగా నొక్కి చూస్తే అలల గీతలు మాయమై లోపల ఉన్నది తేటగా కనిపిస్తుంది. వలా, గాలమూ, చేపను వేసుకునే సీసా ఇంట్లోనే ఉంచండి. ఒంటరిగా వెళ్లకండి.

మడుగు దగ్గర కూర్చునే తీరు

పాటు సమయానికి గంటన్నర ముందే చేరుకోండి. నీరు తగ్గుతూ ఉండగా కిందికి దిగడం, అది మళ్లీ పెరగడం మొదలుపెట్టగానే పైకి వచ్చేయడం, ఈ రెండూ తప్పనిసరి నియమాలు. సముద్రానికి వీపు పెట్టి ఎప్పుడూ నిలబడకండి. ఆకుపచ్చని పాచి పట్టిన రాయి మీద అడుగు వేయకండి, పొడిగా, గరుకుగా ఉన్న రాయినే ఎంచుకోండి. చీలికల్లో చేతులు పెట్టకండి: వాటిలో ముళ్ల సీ అర్చిన్లు, విషపు ముల్లు ఉన్న స్కార్పియన్ చేపలు దాగి ఉండవచ్చు. అటువంటి చేప ముల్లు దిగితే, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఆ భాగాన్ని ముంచి ఉంచడం నొప్పిని తగ్గిస్తుంది. ఆ తరువాత ఆసుపత్రికి వెళ్లాలి.

మధ్యాహ్నం దాటాక విశాఖలో సూర్యుడు కొండల వైపు ఉంటాడు. సముద్రానికి ఎదురుగా నిలబడితే మీ నీడ నేరుగా మడుగు మీద పడుతుంది, చేపలన్నీ ఒక్కసారిగా చీలికల్లోకి దూరిపోతాయి. కొంగకు భయపడే జీవికి పై నుంచి పడే నీడ కన్నా పెద్ద హెచ్చరిక లేదు. అందుకని మడుగుకు ఉత్తరం వైపునో దక్షిణం వైపునో, నీడ రాతి మీద పడేలా కూర్చోండి, నిలబడకండి. కూర్చున్నాక పది నిమిషాల పాటు ఏమీ చేయకండి. మొదట పీతలు బయటికి వస్తాయి, తరువాత గోబీలు, వాటి వెనుక చారల పిల్లలు. చాలామంది ఇక్కడే లేచిపోతారు, అందుకే మడుగులో ఏమీ లేదని చెబుతారు.

ఎదురు చూస్తున్నంతసేపు గోబీలను తక్కువగా అంచనా వేయకండి. అట్లాంటిక్ తీరంలో ఉండే ఒక బాతిగోబియస్ జాతి చేప, పోటు వేళ రాళ్లమీద ఈదుతూ పరిసరాల ఎత్తుపల్లాలు నేర్చుకొని, పాటు వేళ ప్రమాదం వస్తే ఒక మడుగు నుంచి కనబడని పక్క మడుగులోకి సూటిగా దూకుతుందని లెస్టర్ ఆరొన్సన్ అనే శాస్త్రవేత్త 1951లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించాడు. దాని దగ్గరి బంధువులు మన రాళ్లలోనూ ఉన్నాయి.

పట్టీలను లెక్కపెట్టి గుర్తుపట్టడం

సార్జెంట్ చేపలు పోమాసెంట్రిడే కుటుంబంలోని అబుడెఫ్డఫ్ ప్రజాతికి చెందినవి. క్లౌన్ చేప కూడా ఇదే కుటుంబం. వీటికి ముక్కుకు ఇరువైపులా ఒక్కొక్క రంధ్రమే ఉంటుంది. చాలా చేపలకు రెండేసి ఉంటాయి. ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే తప్ప ఇది కంటికి ఆనదు, కాబట్టి మీరు ఆధారపడవలసింది పట్టీల మీదనే.

శరీరం మీద ఐదు నల్లని పట్టీలు, వీపు మీద పసుపు జీర ఉంటే అది అబుడెఫ్డఫ్ వైగియెన్సిస్. ఇది 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పట్టీలు ఆరో ఏడో ఉండి, అవి మధ్యలోని లేత భాగం కన్నా సన్నగా ఉంటే బెంగాలెన్సిస్. దీన్ని జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త బ్లాఖ్ 1787లో వర్ణించాడు. పట్టీలు వెడల్పుగా ఉండి, తోక మొదలు పైభాగాన నల్లని మచ్చ స్పష్టంగా ఉంటే సార్డిడస్. పట్టీలు వెడల్పుగానే ఉండి ఆ మచ్చ లేకపోతే సెప్టెంఫాసియేటస్ కావచ్చు. మడుగుల్లో కనిపించే వేలెడంత పిల్లల్లో ఈ చివరి రెండింటి వాటా ఎక్కువగా ఉండడం సహజం, ఎందుకంటే వీటి పిల్లలు కెరటాలు తాకే, లోతు తక్కువగా ఉన్న చోట్లలోనే పెరుగుతాయి. వైగియెన్సిస్ పిల్లలు తేలే నాచు కిందా, కొట్టుకువచ్చిన దుంగల కిందా తిరగడానికి ఇష్టపడతాయి. చారలున్న ప్రతి చేపా సార్జెంట్ కాదు. చారలు తల నుంచి తోక వైపు వంపు తిరిగి పొడవునా సాగితే అది టెరపాన్ పిల్ల, దాని కుటుంబం వేరు.

పై నుంచి చూసినప్పుడు మడుగు లోతు ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులే అనిపిస్తుంది, చేప దగ్గరగా, పెద్దదిగా కనిపిస్తుంది. కంటి అంచనాను నమ్మకుండా, గుర్తుల పుల్లను ముందే నీటి అడుగున పడుకోబెట్టి, చేప దాని పక్కనుంచి వెళ్లినప్పుడు కొలత చూడండి.

ఈ చేపకూ ఈ ఊరికీ ఉన్న పరిచయం పాతది. 18వ శతాబ్దం చివర విశాఖలో ఉన్న వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ ఇక్కడ సేకరించిన రెండు వందల చేపలను బొమ్మలతో, స్థానికంగా విన్న పేర్లతో 1803లో లండన్‌లో అచ్చువేయించాడు. అందులోని ఒక పేరును ఆధారం చేసుకొని ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త క్యువియే 1830లో ఒక చేపకు గ్లిఫిసొడాన్ రహ్తి అని పేరు పెట్టగా, అది వైగియెన్సిస్సే అని తరువాత తేలింది.

ఏం చేస్తున్నదో చూడండి

గుర్తుపట్టాక ఒకే చేపను ఎంచుకొని దాన్నే అనుసరించండి. అది రాతి మీది నాచును ఎన్నిసార్లు కొరుకుతున్నది, నీటి మధ్యలో కంటికి కనబడని ప్లవకాలను (నీటిలో తేలే సూక్ష్మజీవులను) ఎన్నిసార్లు అందుకుంటున్నది, తనకన్నా చిన్నదాన్ని ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తరుముతున్నది అని గీతలు గీసుకుంటూ లెక్కపెట్టండి. సార్జెంట్లు రెండు రకాల ఆహారమూ తింటాయి. సందు గుండా కెరటపు నీరు లోపలికి దూకినప్పుడు చేపలన్నీ ఆ వైపు ముఖం పెట్టి ఎదురీదడం కనిపిస్తే, నీటితోపాటు వచ్చే ఆహారం కోసం అవి వరుస కట్టాయన్నమాట. తరిమే పిల్ల ప్రతిసారీ ఒక చోటికే తిరిగి వస్తుంటే ఆ చోటి చుట్టూ చీలిక ఎక్కడుందో చూడండి. దాని ధైర్యానికి కారణం తరచుగా ఆ చీలికే. ఒక్కోసారి రంగు కూడా మారుతుంది: భయపడిన చేప పట్టీలు ముదురుతాయి లేదా శరీరమంతా మసకబారుతుంది. భయం తీరాక పాత రంగు రావడానికి ఎంతసేపు పట్టిందో గమనించండి.

మడుగులో ఉన్నవి దాదాపు అన్నీ పిల్లలే. పెరిగేకొద్దీ అవి మడుగులను వదిలి రాళ్ల బయటి అంచుకు, అక్కడి నుంచి లోతుకు వెళతాయి. అందువల్ల సంతానోత్పత్తిని చూడాలంటే మడుగు చాలదు. ఈత బాగా వచ్చినవారు, సముద్రం నిలకడగా ఉన్న రోజున, శిక్షణ పొందిన డైవింగ్ నిర్వాహకుల వెంట రాతి దిబ్బల దగ్గరకు వెళ్లాలి. సొంతంగా రాళ్లమీద నుంచి దూకడం విశాఖలో ఎందరి ప్రాణాలు తీసిందో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు.

అక్కడ మీరు వెతకవలసింది నీలి ఛాయ తిరిగిన మగ చేపను. మామూలు వేళ లేతగా, వెండి రంగులో ఉండే వైగియెన్సిస్ మగది గూడు కాసే కాలంలో నీలిరంగుకు మారుతుంది. అది నిలువు రాతి మీదో, బండ కిందో ఒక భాగాన్ని నోటితో శుభ్రం చేసి ఆడ చేపలను పిలుస్తుంది. ఆడది గుడ్లు అంటించి వెళ్లిపోతుంది. ఒకే గూటిలో ఒకటికన్నా ఎక్కువ ఆడ చేపలు గుడ్లు పెట్టవచ్చు. ఆ తరువాత భారమంతా తండ్రిదే. రెక్కలతో విసిరి గుడ్లకు తాజా నీరు అందిస్తాడు, పాడైన గుడ్లను ఏరేస్తాడు, గుడ్లు తినడానికి గుంపుగా వచ్చే రాస్ చేపలను, తన జాతి చేపలను కూడా తరుముతాడు. తనకన్నా ఎన్నో రెట్లు పెద్దవాడైన మనిషి మీదికీ వస్తాడు. అలా వచ్చినప్పుడు ముచ్చటపడి ఇంకా దగ్గరికి వెళ్లకండి: తండ్రి మిమ్మల్ని తరిమేంతలో గూడు మీద గుంపు పడుతుంది. కనీసం రెండు మూడు మీటర్ల దూరం నుంచి, కొద్ది నిమిషాలు చూసి తప్పుకోండి.

మొదట ఎరుపు, ఊదా కలిసిన మచ్చలా కనిపించే గుడ్ల పొర, లోపలి పిండం ఎదిగేకొద్దీ రంగు మారి, చివరకు చిన్న కళ్ల మెరుపుతో నిండుతుంది. నీటి వెచ్చదనాన్ని బట్టి సుమారు 4 నుంచి 7 రోజుల్లో, సాధారణంగా సూర్యాస్తమయం తరువాత చీకట్లో గుడ్లు చిట్లి పిల్లలు బయటపడతాయి. ఆ చీకటి వేళ వాటిని తినేవారు చాలామంది నిద్రలో ఉంటారు. బయటికి వచ్చిన పిల్లలు రెండు మూడు వారాల పాటు బహిరంగ సముద్రంలో ప్లవకాలతో కలిసి తేలుతూ పెరిగి, ఆ తరువాత ఏదో ఒక రాతి తీరాన్ని చేరతాయి. మీ మడుగులోని పిల్ల ఎదురుగా కనిపించే దిబ్బ మీద పుట్టి ఉండనక్కరలేదు. ఎన్ని రోజులు అలా తేలిందో దాని చెవి రాయిలో (చెవి లోపల ఉండే గట్టి రేణువులో) రోజుకొకటి చొప్పున పడే వలయాలను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టి శాస్త్రవేత్తలు తెలుసుకుంటారు. క్లౌన్ చేపలో మగది ఆడదిగా మారుతుందని చాలామంది విని ఉంటారు. ఒకే కుటుంబమైనా సార్జెంట్లలో ఆ మార్పు జరగదు.

రాసుకోవడం

తేదీ, తిథి, పాటు గంట, మడుగు నీటి ఉష్ణోగ్రత, అడుగు కనిపిస్తున్నదా లేదా, పట్టీల సంఖ్యను బట్టి ఏ జాతివి ఎన్ని, వాటి పొడవు. ఈ వివరాలను అక్కడికక్కడే రాయండి, ఇంటికి వచ్చాక గుర్తు తెచ్చుకొని రాసినవి నమ్మదగినవి కావు. ప్రతి పర్యటనలో కొత్త తీరానికి పరుగెత్తే కన్నా ఒక్క మడుగునే పదేపదే చూడడం ఎంతో లాభసాటి: ఫిబ్రవరిలో వేలి గోరంత ఉన్నది ఏప్రిల్ నాటికి ఎంతయిందో, వాన కురిసిన మరునాడు చేపలు తేలికైన మంచినీటి పొరను తప్పించుకొని అడుగుకు చేరాయో లేదో అప్పుడే తెలుస్తుంది. మడుగును గుర్తుపట్టడానికి రాతి మీద రంగు వేయకండి, వెనుక ఉన్న కొండనో కట్టడాన్నో కలుపుకొని ప్రతిసారీ ఒకే చోటి నుంచి ఫొటో తీయండి.

చూడడం కోసం తిరగేసిన చిన్న రాయిని మళ్లీ ఉన్నదున్నట్టే పెట్టండి. దాని అడుగున అంటుకొని ఉన్న గుడ్లు, స్పంజికలు ఎండకు నిమిషాల్లో చచ్చిపోతాయి. చేపను ఇంటి అక్వేరియానికి తీసుకురావాలన్న ఆలోచన మానుకోండి. కుళాయి నీటిలో ఉప్పు కలిపితే అది సముద్రం కాదు, పైగా పెరిగిన సార్జెంట్ తొట్టిలోని మిగతా చేపలను బతకనివ్వదు. పగడపు ముక్క, సముద్రపు దోసకాయ, నీటి గుర్రం కనిపించినా ముట్టుకోకండి. ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందినవి, సేకరించడం నేరం.